అమావాస్య నాడు వచ్చిన కామెంట్

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఉండే వీలు కూడా లేదు, ఎందుకంటే మా పేటలో జనం చెప్పుకునే దయ్యాల్లో సగం నేను పుట్టించినవే. మూతపడ్డ సినిమా హాలు మెట్ల మీద కూర్చుని తల దువ్వుకునే ఆడమనిషి నా కల్పనే. మహానంది కోనేట్లో నా కాలు పట్టుకుని లాగిన చెయ్యి కూడా నా సృష్టే. వినేవాళ్లు ఒకరికొకరు దగ్గరగా జరుగుతుంటే నాకు అదో సంబరం.

అందుకే ఇప్పుడు చెప్పబోయేది ఎవరూ నమ్మరని నాకు తెలుసు. నా భార్యే నమ్మలేదు.

ప్రొద్దుటూరులో నాకు చిన్న జిరాక్స్ అంగడి ఉంది. మా అక్క రామలక్ష్మిని జమ్మలమడుగు దారిలోని ఒక నేతగాళ్ల ఊరికి ఇచ్చాం. బావ ఓబులేసు గుంట మగ్గం మీద కాటన్ చీరలు నేస్తాడు. గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడంటే ఇక ఆయనకు ఆకలి తెలియదు, ఎండ తెలియదు. అక్క పక్కనే రాట్నం మీద నూలు కండెలు చుట్టేది. మధ్యాహ్నం కాగానే వంటింటి గడప దగ్గర నిలబడి ఒకటే కేక వేసేది: “సాలు గానీ లెయ్యి, సంగటి సల్లగైతాండాది.” ఆ కేక పడేదాకా బావ కాళ్లు బయటికి తీసేవాడు కాదు.

అక్క పోయాక కేక వేసేవాళ్లు లేకపోయారు. బావకు షుగర్ ఉంది. మాత్ర వేసుకుని, తినడం మరిచిపోయి మగ్గం మీదే ఉండిపోయేవాడు. వాళ్లకు ఒక్కతే కూతురు, వేంపల్లెలో కాపురం. “మామా, నాయన మగ్గంలో కూచోని ఉత్తగా గోడకల్లా చూస్తాండాడు. యేదన్నా పని తగిలించు” అని ఫోన్లో ఏడ్చింది.

అందుకని బావ చీరలకు ఫేస్‌బుక్‌లో ఒక పేజీ తెరిచాను. ఫోటోలు పెట్టడం, అడిగినవాళ్లకు బదులివ్వడం నాకు తలకు మించిన పనైంది. వీడియోలు చూసి కాస్త పైథాన్ కోడింగ్ నేర్చుకుని ఉన్నాను గనుక ఒక ప్రోగ్రాం రాశాను. ఇలాంటి సైట్లకు ఏపీఐ అని ఒక కిటికీ ఉంటుంది. ఆ కిటికీ దగ్గర ఏ మాట ఎలా అడగాలో మనకు తెలియకపోయినా, మన తరఫున మాట్లాడి పని చేసుకొచ్చే దళారీ లాంటిది క్లయింట్ లైబ్రరీ. దాన్ని దించుకుని, సైటు ఇచ్చే టోకెన్‌ను, అంటే అనుమతి చీటీని, అందులో పెడితే చాలు. ఫోటోలు వాటంతట అవే పేజీలోకి ఎక్కేవి. కింద వచ్చిన కామెంట్లు నా కంప్యూటర్ తెర మీద వరసగా దిగేవి. ఎవరు చీర అడిగినా, “ఉంది, వారంలో పంపుతాం” అని ప్రోగ్రామే బదులు పెట్టేది.

ఆ ప్రోగ్రాంకు అమావాస్య తెలియదు.

మా నేతగాళ్లు అమావాస్య నాడు మగ్గం ఆడించరు. మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, పక్కకు జరుగుతారు. ఆ రోజు ఊరంతా చెవులు మూసుకున్నట్టు ఉంటుంది. ఆ నెల పెళ్లిళ్ల గిరాకీలో నా ప్రోగ్రాం అడిగినవాళ్లందరికీ వారమని మాటిచ్చేసింది. బావకు చెప్పి, కొందరిని ఆగమందామన్నాను.

“నీ మిషను మాటిచ్చేసె గదప్పా. మాట పోతాదా? రేపు గూడా ఆడిస్తాలే” అన్నాడు.

“రేపు అమావాస్య బావా.”

“మీ అక్క లేదు గదా తిట్టేదానికి” అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మరునాడు మధ్యాహ్నం అంగట్లో జనం లేరు. ప్రోగ్రాం నడిపాను. కామెంట్లు దిగుతూ దిగుతూ ఒకచోట ఆగిపోయాయి. తెర మీద ఎర్రటి ఎర్రర్. ప్రతి కామెంట్‌కూ ఒక ఐడీ నంబరు ఉంటుంది, అది ఉంటేనే బదులు పెట్టగలం. దీనికి ఐడీ లేదు. రాసినవాళ్ల పేరు ఉండాల్సిన చోట ఖాళీ. మాట మాత్రం ఉంది.

సాలు గానీ లెయ్యి, సంగటి సల్లగైతాండాది.

ఆ కామెంట్ ఉన్నది దానిమ్మ రంగు చీర ఫోటో కింద. అక్క చుట్టిపెట్టిపోయిన కండెలతో బావ నేసిన ఆఖరి చీర అది.

మొదట కోపం వచ్చింది. నన్నే ఆటపట్టించే మొనగాడు ఎవడా అనుకున్నాను. ఫోన్ తీసి పేజీ చూశాను. ఆ చీర కింద అలాంటి మాట లేదు. దాచిన కామెంట్లలో వెతికాను, అక్కడా లేదు. అక్క పేరుతో ఒక అకౌంట్ ఉండేది గానీ, ఆ పేరు కనబడితే గుండె పిండినట్టుందని కూతురు ఎప్పుడో తీయించేసింది. ప్రోగ్రాం మళ్లీ నడిపాను. మళ్లీ అక్కడే ఆగింది. మళ్లీ అదే మాట.

బావకు ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. మగ్గం చప్పుడులో వినబడలేదేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. నా చేతులు మాత్రం అంగడి షట్టర్ దించుతున్నాయి.

ఆ ఎండలో బండి మీద ఎలా పోయానో నాకు సరిగా గుర్తులేదు. ఒక పక్క భయం, ఇంకో పక్క సిగ్గు. ఏమీ లేకపోతే బావ నన్ను జన్మంతా ఎగతాళి చేస్తాడు. ఏమీ లేకుండా ఉండాలనే మొక్కుకున్నాను.

ఊళ్లోకి పోతే వీధి వీధంతా నిశ్శబ్దం. ఒక్క మగ్గమూ ఆడటం లేదు. బావ మగ్గం కూడా. సరే, మానేసి పడుకున్నాడులే అని ప్రాణం కుదుటపడింది. పక్కింటి నాగమ్మవ్వ అరుగు మీద వక్కలు నములుతూ ఉంది.

“ఏమప్పా, ఈ ఎండలో ఈడికి పరిగెత్తుకొస్తివి? ఈసారి యే దయ్యం తరిమింది?”

“బావ ఉండాడా అవ్వా?”

“ఉండాడు, యాడికి పోతాడు? పొద్దున్నే మగ్గం ఆడిస్తాంటే, అమావాస్య పూట ఇదేం పని రా అని నేనే అరిస్తి. శానాసేపటికి నిలిపినాడు. నా మాట ఇన్యాడులే అనుకుంటి.”

నేను లోపలికి పరిగెత్తాను.

కట్టుకథైతే ఇక్కడ మగ్గం దానంతట అదే ఆడుతుండాలి, రాట్నం తిరుగుతుండాలి. నాకు అలాంటివి చెప్పడం బాగా వచ్చు. అవేవీ లేవు. బావ గుంటలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ముందుకు వాలిపోయి, నేసిన బట్ట మీద మొహం పెట్టి ఉన్నాడు. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. ఒళ్లు చల్లగా ఉంది. పిలిస్తే మూలిగాడు, మాట రాలేదు. పక్కన మాత్రల అట్ట. పొయ్యి ముట్టించిన జాడ లేదు.

అవ్వ తెచ్చిన చక్కెర వేలితో కొంచెం కొంచెం చిగుళ్లకు రుద్దాను. ఇద్దరం కలిసి గుంటలోంచి పైకి లాగాం. ఆటోలో ప్రొద్దుటూరు ఆసుపత్రికి తెచ్చాం. షుగర్ బాగా పడిపోయిందనీ, ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదనీ డాక్టరు అన్నాడు. ఊరంతా మగ్గాలు ఆగిన రోజు ఆ మగ్గం కూడా ఎందుకు ఆగిందని ఎవరు అడుగుతారు?

తేరుకున్నాక బావకు సంగతంతా చెప్పాను.

“నువ్వు సెప్పేదాంట్లో నిజమెంత బామ్మర్దీ?” అన్నాడు నవ్వుతూ.

చూపిద్దామని ల్యాప్‌టాప్ తెచ్చి ప్రోగ్రాం నడిపాను. ఎక్కడా ఆగకుండా చివరిదాకా పోయింది. దానిమ్మ రంగు చీర కింద ధర ఎంత అని అడిగినవాళ్లే ఉన్నారు.

బావ నవ్వు ఆగిపోయింది. నా మొహం చూసి నమ్మాడనుకుంటా.

ఆ లైబ్రరీ తయారుచేసినవాళ్లకు రాశాను. ఐడీ లేని కామెంట్ ఆ కిటికీలోంచి రావడం కుదరదనీ, నా కోడ్‌లోనే ఏదో తప్పు ఉండి ఉంటుందనీ మర్యాదగా బదులిచ్చారు. ఉండొచ్చు. ఏ తప్పు జరిగితే మా అక్క మాట యథాతథంగా వస్తుందో మాత్రం వాళ్లు చెప్పలేదు. మా పేటలో అయితే అది నేనే రాసుకున్నానని తీర్మానించేశారు. నాకు తెలిసినదంతా చెప్పాను. ఇంతకు మించి నాకూ తెలియదు.

“వారంలో” అన్న మాట ప్రోగ్రాంలోంచి తీసేశాను. బావ ఇప్పుడు అమావాస్యకు మగ్గం ముట్టడు. మిగతా రోజుల్లో మధ్యాహ్నం కాగానే తనే లేచి, ఇంత సంగటి కెలుక్కుని తింటాడు. కానీ అమావాస్య వస్తే నాకు తప్పకుండా ఫోన్ చేస్తాడు.

“ఏమప్పా, ఈ పొద్దు యేమన్నా వచ్చిందా?”

ఆయన ఫోన్‌లో ఉండగానే ప్రోగ్రాం నడుపుతాను. కామెంట్లు వరసగా దిగుతాయి. దానిమ్మ రంగు చీర దాటేదాకా తెర మీంచి కన్ను తీయను.

“రాలేదు బావా.”

“అట్లనా” అంటాడు.

వచ్చింది బావా, తిన్నావా అని అడిగింది అని చెప్పడం నాకు ఎంతసేపు? ఇన్నేళ్లు ఊరందరికీ కట్టుకథలు చెప్పినవాణ్ణి. ఆ ఒక్క అబద్ధానికి మాత్రం నోరు రావడం లేదు. అది వచ్చిన రోజు ఆయన ఎలా ఉన్నాడో నా చేతులకు ఇంకా గుర్తుంది. ఆయన అది మళ్లీ రావాలని ఎదురుచూస్తుంటాడు. నేను అది రాకూడదని చూస్తుంటాను.