గిర్దావరు తుమ్ము

రేపటి భాగోతంలో ఆడడానికి నేను రాసిన నవ్వుల ఘట్టం ఈ రోజు పొద్దున్నే పాతబడిపోయింది. అది మా జహీరాబాదులో రైతుల దగ్గర సర్కారు వాటాగా లెవీ జొన్నలు వసూలు చేసే గిర్దావరు మీద రాసింది. జొన్నలు కొలుస్తుండగా ఆయన తుమ్ముతాడు, అపశకునమంటూ మొదటినుంచి మళ్లీ కొలిపిస్తాడు. ముందు కొలిచినవి మాత్రం తిరిగివ్వడు. ఆయనకు బదిలీ అయిందట! కాగితాలు చింపబోతుంటే, ఆ వేషం కట్టే మల్లయ్య ఆపాడు.

“కొత్తాయనను నిన్న మొగుడంపల్లిల చూసొచ్చిన పంతులూ.”

“ఆయనా తుమ్ముతాడా?”

“లేదు, దగ్గుతడు. దగ్గి, లెక్క తప్పింది, మల్ల కొలువుండ్రి అంటడు.”

తుమ్ము కొట్టేసి దగ్గు, అపశకునం కొట్టేసి లెక్క తప్పడం రాశాను. ఇంకొక్క మాట కూడా మార్చాల్సిన పని పడలేదు. రేపు జనం కడుపుబ్బ నవ్వుతారు, సందేహం లేదు. నవ్వినవాళ్లు ఎల్లుండి మళ్లీ కొలవకుండా ఉంటారంటారా?