కమాల్ బాషా చెవి

గురువారం సాయంత్రాలు మా వరండాలో పదిమందికి తత్వశాస్త్రం, దర్శనాలు చెబుతాను. కంటితో చూసింది ఒక్కటే జ్ఞానం కాదు, ఊహించి తెలుసుకోవచ్చు, తెలిసినవాడి మాట నమ్మీ తెలుసుకోవచ్చు అని ముప్పై ఏళ్లుగా గొంతు చించుకుంటున్నాను. అలాంటి నేను కమాల్ బాషా మాట నమ్మలేదు. సిగ్గుచేటు!

బాషాది మా జమ్మలమడుగే. పదిహేనో ఏట బండల గనిలో దిగాడు. మధ్యలో నాలుగేళ్లు కువైట్ పోయొచ్చి, మళ్లీ బండలే పట్టుకున్నాడు. మా పడకగదిలో అటకకు బండ వేయమని పిలిచాను. నేనే ఏరి తెచ్చుకున్న బండ. నల్లగా నున్నగా ఉంది, ఎక్కడా గీత లేదు. అతను సుత్తితో నాలుగు చోట్ల తట్టి విని, పెదవి విరిచాడు.

"ఇది వద్దు సార్. లోపల పగిలుండాది."

"ఎక్కడ పగిలింది? చూపించు!"

"కంటికి కనపడదు సార్. మంచి బండైతే గంట మాదిరి మోగుతాది. ఇది నడుమ బొదబొదమంటాంది."

"బొదబొదా లేదు, నీ తలకాయా లేదు! నీ దగ్గరున్న బండ అంటగట్టాలనా?" అనేశాను. నా నోరు అలాంటిది. అతను సుత్తి సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. నేను పంతానికి ఆ రోజే వేరే మేస్త్రీని పిలిచి ఆ బండే ఎక్కించాను. దాని కిందే నా భార్య భారతమ్మ మంచం.

ఆ సంగతి తెలిసి మర్నాడు పొద్దున్నే బాషా వచ్చాడు. ఎవరూ పిలవలేదు. భుజాన రెండు లావుపాటి కట్టెలు, ఒక చెక్క.

"నా మాట నమ్మకపోతే పాయె సార్. కింద పండుకునేది అమ్మ కదా" అంటూ బండ నడుమ చెక్క ఆనించి, కట్టెలు నిలబెట్టి బిగించాడు. గదిలో ఈ దిష్టిబొమ్మలేంటని గొణిగాను. భారతమ్మే ఉండనివ్వండి అంది.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తుండగా బండ ఫట్‌మంది. సరిగ్గా నడుమ రెండు ముక్కలై, బాషా పెట్టిన చెక్క మీద ఆగిపోయింది. ఆమె మీద దుమ్ము మాత్రమే పడింది.

చెప్పులు కూడా వేసుకోకుండా అతనింటికి పరుగెత్తాను. చేతులు పట్టుకుని ఏడ్చాను.

"అమ్మకేం కాలేదు కదా సార్? సాలు" అన్నాడు.

ఇప్పుడు తెలిసినవాడి మాట గురించి చెప్పాల్సి వస్తే బాషా సంగతే చెబుతాను. గురువారాలు అతనూ వస్తాడు, వెనక వరుసలో కూర్చుని విసుక్కుంటాడు. "ఇంకెన్నాళ్లు చెప్తారు సార్, ఇడిసిపెట్టండి."

లోపల భారతమ్మ టీ గ్లాసులు కడుగుతున్న చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు వినిపించినన్నాళ్లూ చెబుతాను, బాషా.