వేరు పళ్ళెం
థాయిలాండ్‌లోని మహాచాయ్‌లో రొయ్యలు ఒలిచే బర్మా కూలీలకు హెచ్ఐవి పరీక్షలు చేయించి మందులు ఇప్పించే గదిలో పెత్తనమంతా ఓన్‌చీ పెద్దమ్మదే. తనూ ఆ మందుల మీదే బతుకుతోంది. రోజూ బర్మావాళ్ళు ఇష్టంగా తినే ఊరబెట్టిన తేయాకులో వేరుశెనగలు, పచ్చిమిర్చి కలిపి ఒకే పళ్ళెంలో పెడుతుంది. కొత్తవాళ్ళు అందులో చెయ్యి పెట్టేదాకా తను ముట్టదు. ఈమధ్య తిరి అనే పిల్ల ఆ గదిలో పనికి చేరింది. ఇప్పుడు కూలీలంతా ఆ పిల్ల చుట్టూనే. "నవ్వులతో రోగం తగ్గితే మందులెందుకో!" అంటూ పెద్దమ్మ గిన్నెలు ఎత్తి కుదేస్తుంది.

ఆరోజు మందుల కోసం కొత్తగా వచ్చిన ఫ్యో కూడా తిరి పక్కనే కూర్చున్నాడు. కొత్తవాడని మర్యాదగా, తిరి అతనికి విడిగా చిన్న పళ్ళెంలో పెట్టింది. అతను దాన్ని వేళ్ళతో కెలికాడు. మొహం పాలిపోయింది.

"మా వదిన కూడా ఇలాగే వేరే పెడుతోంది," అంటూ లేచాడు.

పెద్దమ్మ అతని చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. అతను కెలికిన చిన్న పళ్ళెం తీసుకుని పెద్దదాంట్లో బోర్లించి, ముందు తనే ఓ ముద్ద నోట్లో వేసుకుంది.

"తినరా! ఇక్కడ వేరు పళ్ళేలు లేవు."

ఫ్యో కళ్ళు తుడుచుకుని తిన్నాడు. తింటూ తింటూ, బిక్కమొహం వేసుకుని దూరంగా నిలబడ్డ తిరి వైపు తిరిగి, "నువ్వూ రా అక్కా, నా పక్కన కూర్చో," అన్నాడు.

పెద్దమ్మ మాత్రం పళ్ళెంలోని పచ్చిమిర్చి ముక్కలన్నీ తిరి చెయ్యి పడే వైపుకు జరిపింది.