కల్వర్టు మీద పదకొండు మంది

ఉద్యమంలోకి దిగిన రెండు నెలలకే ఉద్యమాన్ని ఉద్యమం చేతే రోడ్డు మీంచి గెంటించిన ఘనత నాది. నవ్వాలనుకుంటే ఇప్పుడే నవ్వెయ్యండి. మొత్తం విన్నాక నవ్వితే నాకు సిగ్గేస్తుంది.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. డిగ్రీ అయిపోయింది, బీఎడ్ సీటు రాలేదు. మా చర్చిలో సండే స్కూలు పిల్లలకు పాఠాలు చెబుతుండేదాన్ని. ఇరవై మంది పిల్లల్ని గంటసేపు కదలకుండా కూర్చోబెట్టేదాన్ని, జనాన్ని నడిపించలేనా అనుకున్నాను. పిల్లలు కూర్చునేది నా పాఠం కోసం కాదు, చివర్లో ఇచ్చే బిస్కెట్ల కోసమని ఆ తర్వాతెప్పుడో తెలిసింది లెండి.

గొడవంతా బస్సు గురించి. టౌనుకు పోయే మా పొద్దుటి బస్సు తీసేశారు. మిరపకోతలకు పోయే ఆడవాళ్ళు, కాలేజీ పిల్లలు ఒక్కో ఆటోలో పదిహేను మంది, సంచిలో మిరపకాయలు తొక్కినట్టు కూరుకుని పోయేవాళ్ళు. అలాంటి ఆటో ఒకటి మలుపులో పత్తిచేలోకి పల్టీ కొట్టింది. దానమ్మత్త చెయ్యి విరిగింది.

దానమ్మత్త పక్క మూడూళ్ళ ఆడకూలీలకు మేస్త్రి. ఆమె గొంతెత్తితే చేలో కాకులు లేచిపోతాయి. చేతికి కట్టుతో మంచం మీదున్న మనిషిని చూసి నాకు ఆవేశం ఆగలేదు.

"బస్సు మళ్ళీ వేయించేదాకా నేను నిద్రపోనత్తా!"

"నిద్దరపోవే తల్లీ. పొద్దున్నే లేచి పని చూడు," అంది.

పని చూశాను. నోటు పుస్తకంలో పెద్ద ప్రణాళిక గీశాను. శనివారం పొద్దున తొమ్మిదింటికి అందరం ఊరి బయట కల్వర్టు దగ్గర కలుసుకోవాలి. అక్కణ్ణించి ఊరేగింపుగా డిపోకు నడిచి అర్జీ ఇవ్వాలి. దానమ్మత్తకు అప్పటికి కట్టు విప్పి వారమైంది. మూడూళ్ళ నుంచి నలభై మందిని తనే ఆటోల్లో తెస్తానంది. "మెయిన్ రోడ్డు వద్దత్తా, పొలాల దారిన రండి, దగ్గర," అని తెలివిగా దారి కూడా నేనే చెప్పాను.

శనివారం తొమ్మిదైంది. కల్వర్టు దగ్గర మేము పదకొండు మందిమి. తొమ్మిదిన్నరకు కూడా పదకొండు మందిమే. అందులో ఒకరు యేసురత్నం మాస్టారు. రిటైరై పన్నెండేళ్ళైంది, మోకాళ్ళ నొప్పులని చర్చిలోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని కూర్చున్నారు. వచ్చేపోయేవాళ్ళు మమ్మల్ని చూసి బస్సు కోసం నిలబడ్డామనుకుంటున్నారు. ఒకతను బండి ఆపి, "బస్సు తీసేశారమ్మా, తెలీదా?" అని జాలిగా చెప్పి మరీ పోయాడు.

అంతే, నాకు రోషం తన్నుకొచ్చింది.

"మాస్టారూ, రాస్తారోకో చేద్దాం!"

"అర్జీ అన్నావుగా అమ్మాయ్? వాళ్ళను రానీ."

"వాళ్ళొచ్చేలోపు వేడి పుట్టిద్దాం మాస్టారూ!"

పదకొండు మందిమి రోడ్డుకు అడ్డంగా కూర్చున్నాం. మాస్టారి కుర్చీ మధ్యలో. ముందు వినుకొండ వైపు నుంచి వస్తున్న పత్తి లారీ ఆగింది. అది కొండంత లారీ, దాని వెనక ఏముందో కనబడదు. హారన్లు మొదలయ్యాయి. మేము "బస్సు కావాలి!" అంటే అవి "పాం!" అంటున్నాయి. ఎవరు నినాదం ఇస్తున్నారో, ఎవరు బదులిస్తున్నారో తెలియడం లేదు గానీ, నా గుండె మాత్రం గాలి కొట్టిన ట్యూబులా ఉబ్బిపోయింది.

అప్పుడు ఫోను మోగింది. దానమ్మత్త.

"సునీతా, ఆగిపోయామే! ముందర ఎవురో రోడ్డుకడ్డం కూకున్నారంట!"

పొలాల దారిలో ఒక ఆసామి ఉన్నాడు. తన చేను పక్క నుంచి ఆటో పోయినా ఓర్వడు. అతని మనుషులే అనుకున్నాను. ఇంకెవరనుకుంటాను?

"ఎంతమందత్తా?"

"పది పన్నెండు మందేనంట. ఒకాయన కుర్చీ కూడా ఏసుకున్నాడంట!"

ఇక్కడ మీకు తెలిసిపోయింది. నాకు తెలియలేదు. ఆవేశంలో ఉన్న మనిషికి చెవులుంటాయి గానీ వాటికీ బుర్రకీ మధ్య రాకపోకలుండవు.

"కుర్చీ కూడానా! మీరు నలభై మందున్నారు కదత్తా, భయమేంటి? లాగి పక్కన పారేసి రండి! ఏమైనా ఐతే నేను చూసుకుంటా!"

"అట్టాగే!" అంది దానమ్మత్త.

ఐదు నిమిషాలు గడిచాయో లేదో, పత్తి లారీ పక్కనుంచి నలభై మంది ఆడవాళ్ళు కొంగులు బిగించి, చేతుల్లో అన్నం క్యారేజీలతో దూసుకొచ్చారు. ముందు రోజు వానకు నల్లరేగడి దారి బురదైపోయి, వాళ్ళు మెయిన్ రోడ్డునే వచ్చారని నాకేం తెలుసు? "మనోళ్ళొచ్చారు!" అని నేను చేతులెత్తేలోపే మాస్టారు కుర్చీతో సహా గాల్లోకి లేచారు. పల్లకీలో పెళ్ళికొడుకులా ఊగుతూ వెళ్ళి తుమ్మచెట్టు కింద దిగారు. వెనక నుంచి నా రెక్క ఎవరో పట్టుకుని బరబరా ఈడ్చారు. విరిగి అతికిన చెయ్యి అంత గట్టిగా ఉంటుందని ఏ డాక్టరూ చెప్పడు.

"అత్తా! నేనే! సునీతనే!"

దానమ్మత్త నా మొహంలోకి చూసింది. చెయ్యి మాత్రం వదల్లేదు.

"నువ్వేందే ఈడ?"

"రాస్తారోకో..."

"మరి లాగి పారెయ్యమని చెప్పిందెవురే?"

తుమ్మచెట్టు కింద నుంచి మాస్టారే, "అదీ ఈ అమ్మాయేనమ్మా," అన్నారు.

ఇంతలో ఆగిన వాహనాల్లోంచి ఒక జీపు దారి చేసుకుని వచ్చింది. దిగినాయన డిపో మేనేజరు. రోడ్డు మీద క్యారేజీలు, చెప్పులు, దుమ్ములో నేను. "ఏంటమ్మా ఇదంతా?" అన్నాడు.

దానమ్మత్త అప్పుడు నా రెక్క వదిలి, తన చెయ్యి ఆయన ముందు చాచింది.

"బస్సు తీసేశారు సార్. ఆటో ఎక్కాం. ఇదిగో, ఇరిగింది. రేపు ఇంకోళ్ళది మెడ ఇరుగుద్ది. మీ ఇంట్లో ఆడోళ్ళైతే పంపుతారా సార్?"

ఆమె కేకెయ్యలేదు. ఆమె మామూలుగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. హారన్లు కూడా ఆగిపోయాయి. ఆయన ఆ చేతి వంక కాసేపు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "సోమవారం నుంచి వేస్తానమ్మా," అన్నాడు. వేశాడు కూడా.

కానీ జీపెక్కే ముందు నా వైపు తిరిగి, "చూశావా అమ్మాయ్? అడిగితే ఆమెలా మర్యాదగా అడగాలి. ఇట్లా రోడ్డుకు అడ్డం కూర్చుంటే బస్సులొస్తాయా?" అన్నాడు. నలభై మందీ అవునన్నట్టు తలలూపారు. వాళ్ళతో పాటు మాస్టారూ ఊపారు.

మర్నాడు పేపర్లో వార్త వచ్చింది: 'రాస్తారోకోను తిప్పికొట్టిన మహిళలు, దిగివచ్చిన డిపో'. కింద ఫొటోలో దానమ్మత్త ధీరవనితలా నిలబడి ఉంది. ఆమె కాళ్ళ దగ్గర దుమ్ములో కూర్చుని నేను.

ఆ ఫొటో మీద చెయ్యేసి నేను చేసిన ప్రమాణం ఇది: ఇక ఈ జన్మలో, రోడ్డుకు అడ్డం కూర్చున్న ఏ మనిషినైనా లాగి పారెయ్యమని ఆజ్ఞ ఇచ్చే ముందు, నేనెక్కడ కూర్చున్నానో ఒక్కసారి కిందికి చూసుకుంటాను.