పిలిస్తే వినపడే గది

నయమైనవారిని ఇంటికి పంపుతాం, పోయినవారిని సాగనంపుతాం. నయమూ కాక, పోనూ పోక, ఇరవై ఏళ్ల ప్రాయంలో వార్డులోనే నిలిచిపోయినవారిని ఏం చేస్తామో చెప్పడానికి ఇంత పెద్ద భాషలో ఒక క్రియాపదం లేదు. ఆ లేని క్రియే ఆమె ఉద్యోగం. అటువంటి రోగులకు ఆసుపత్రి బయట ఏళ్లతరబడి ఉండదగిన చోటు వెతికిపెట్టాలి. ఉన్న సంరక్షణ గృహాలేమో వృద్ధులవి. కాళ్లకు బలపం కట్టుకుని ఆమె వాటి గుమ్మాలన్నీ ఎక్కి దిగుతుంటే నర్సులు ‘పేరమ్మ’ అని పేరు పెట్టేశారు. పెళ్లిళ్ల పేరమ్మలాగే లోపాలను మింగి గుణాలను పెంచి చెబుతుందని. ఆమె నొచ్చుకోలేదు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారుగా అనేది.

ఆ వారం ఆమె గుండెల మీద కుంపటి, నర్సులు ముద్దుగా పిలిచే ‘రాజావారు’. కండరాలు చచ్చుబడి, గొంతులో అమర్చిన గొట్టంతో ఊపిరి తీసుకునే కుర్రవాడు. గొంతు పలకదు, చెయ్యి లేవదు. నాలుకతో మాత్రం టక్కుమనిపించగలడు. గొట్టంలో కఫం అడ్డుపడినప్పుడల్లా ఆ టక్కు వినిపిస్తుంది, నర్సు పరుగున వచ్చి యంత్రంతో లాగేస్తుంది. మంచం ఖాళీ చేయించమని పెద్ద డాక్టరు గట్టిగా చెప్పేశాడు. ఎట్టకేలకు ఒక గృహం నిర్వాహకురాలు కుర్రవాణ్ణి చూసిపోతానంది.

“రాజావారూ, ఇవాళ మీకు పెళ్లిచూపులు!” అంది నర్సు, అతని గడ్డం గీస్తూ.

అతని పెదవులు కదిలాయి. పక్కనున్న అతని అక్క వాటిని చదివి నవ్వింది. “పెళ్లికూతురికి ఎన్నేళ్లని అడుగుతున్నాడు.”

“అరవై దాటుంటాయి. ఒద్దిగ్గా ఉండండి మరి.”

పేరమ్మ అతని చెవి దగ్గరికి వంగింది. “బాబూ, ఆవిడున్నంతసేపూ ఆ టక్కుటక్కులు ఆపుకో. హడలిపోతుంది. కాసేపేగా!”

“ఆపుకుంటే ఎలాగండీ?” అంది అక్క.

“ఇప్పుడేగా శుభ్రం చేశారు. ఏం కాదులే.”

నిర్వాహకురాలు వచ్చి కూర్చుంది. కాళ్లు, వీపు, గొట్టం అన్నీ నింపాదిగా చూసింది. “రాత్రిళ్లు ఎలా ఉంటాడు?”

“పడుకుంటే మళ్లీ తెల్లారాకేనండి. నోట్లో నాలుక లేని పిల్లాడు,” అంది పేరమ్మ.

అంటూనే అతని వైపు చూసింది. నుదుటి మీద చెమట. పెదవులు నల్లబడుతున్నాయి. కళ్లు ఆమెనే పట్టుకుని ఉన్నాయి. నాలుక మాత్రం కదలలేదు. ఆమె అడిగింది కనుక ఆపుకుంటున్నాడు! పిలిస్తే చోటు పోతుంది. పిలవకపోతే...

“సిస్టర్!” పేరమ్మ కేకకు వార్డంతా ఉలిక్కిపడింది.

యంత్రం గురగురలాడింది. అతని ముఖంలోకి మెల్లగా రంగు వచ్చింది.

“ఇలా ఎన్నిసార్లవుతుంది?” అంది నిర్వాహకురాలు.

“చాలాసార్లండి. రాత్రి కూడా,” అంది పేరమ్మ, తల దించుకుని.

“మరి పిలవడేం?”

“నాలుకతో పిలుస్తాడండీ,” అంది అక్క. “ఈవిడే ఇవాళ వద్దన్నారు.”

నిర్వాహకురాలు పేరమ్మను ఎగాదిగా చూసింది. “ఇది తెలియకుండా తీసుకెళ్తే మొదటి రాత్రే పోయేవాడు. నీ మాటే నమ్మేదాన్ని.” తరువాత అతనివైపు తిరిగింది. “ఏదీ, పిలువు నాయనా.” తలుపు అవతలికి వెళ్లి విని వచ్చింది. “ఇక్కడ వినపడింది,” అంది పేరమ్మతో. “మా ఇంట్లో నాలుగు టీవీలు మోగుతుంటాయి. రేపు నువ్వే వచ్చి, అక్కడి మంచం మీద పడుకుని పిలువు. అప్పుడు మాట్లాడదాం.”

మర్నాడు పేరమ్మ ఆ గృహంలో ఖాళీగా ఉన్న మంచం మీద పడుకుని, చేతులు కదపకుండా, నాలుకతో టక్కుమనిపించింది. పక్కగదిలో టీవీ వార్తలు చదువుతూనే ఉంది. మళ్లీ టక్కుమనిపించింది. ఎవరూ రాలేదు. నోరు ఎండిపోయింది. తన ఊపిరి తనదేనని తెలిసినా అరచేతులు చెమర్చాయి. రెండో గదిలోనూ అంతే. నిర్వాహకురాలి బల్లను ఆనుకున్న చిన్న గదిలో మాత్రం, మొదటి టక్కుకే గుమ్మంలో అడుగుల చప్పుడైంది.

“వినపడింది!” అందావిడ.

పేరమ్మ గబుక్కున లేచి కూర్చుంది. మామూలుగా అయితే అక్కడినుంచే డాక్టరుకు శుభవార్త చెప్పేసేది. ఆ రోజు గుమ్మంలోంచి కనిపిస్తున్న ఆవిడ బల్ల దగ్గరి కుర్చీని చూసింది. “రాత్రిళ్లు ఇక్కడ ఎవరుంటారండీ?”

నిర్వాహకురాలూ ఆ కుర్చీ వైపే తిరిగింది. “ఎవరూ ఉండరు. మనిషిని పెట్టుకోవాలి, పని నేర్పాలి. దొరికేదాకా తీసుకురాకు. గది మాత్రం ఇంకెవరికీ ఇవ్వను.”

పేరమ్మ వీధిలోకి వచ్చి డాక్టరుకు ఫోను చేసింది. “చోటు దొరికిందండీ, రాత్రి మనిషి దొరకలేదు. అందాకా పంపలేం.”

“ఎప్పటికి దొరుకుతుంది?”

“తెలీదండి.”

ఔననకుండా, కాదనకుండా ఆయన ఫోను పెట్టేశాడు. అందులో ఏది అర్థమో తేల్చుకోలేకపోయినా, పేరమ్మ కుర్రవాడి అక్కకు ఫోను కలిపింది. విషయం విని ఆ పిల్ల నెమ్మదిగా అడిగింది: “తమ్ముడికి ఏం చెప్పమంటారు? పొద్దుటినుంచీ తలుపు వైపే చూస్తున్నాడు.”

పేరమ్మ నోటిదాకా ఓ తీపి మాట వచ్చి ఆగింది.

“నువ్వు చెప్పొద్దమ్మా. ఫోను వాడి చెవి దగ్గర పెట్టు. నేనే చెప్తాను.”