అమ్మ నోట రాని పేరు

గా ఫోన్ పక్కకు వెట్టి ఇట్ల నా ముంగట కూసో బిడ్డా, ఊకె ఊ కొట్టుడు గాదు, సక్కగ విని రాసుకో. నా పుట్టింటి పేరు ‘వలల’ కోసం పొద్దటిసంది గా పాత జనాభా లెక్కల నకళ్లు తిరగేస్తున్నవ్, శామీర్‌పేటల ఆ పేరుతోని ఇల్లే లేదవ్వా అని పరేషాన్ అయితున్నవ్. ఎట్లుంటది? లేకుండ జేసింది నేనే.

నాకప్పుడు తొమ్మిదేండ్లు, నిజాం జమానా. ముందుగాల ఇంటింటి గోడకు ఎర్రమన్ను జాజుతోని నంబర్లేసి పోయిన్రు, మా అమ్మ వాకిలి అలికినా గా నంబర్ మీద సుక్క నీళ్లు పడనియ్యకపోయేది. తర్వాత లెక్క రాసే సారు మేడ్చల్ నుంచి వచ్చిండు. మా నాయిన వల తీస్కోని చెరువుకు వోయిండు. ఇంటి యజమాని పేరేందమ్మా అనడిగిండు సారు. అప్పట్ల ఆడోళ్లు మొగని పేరు పల్కకపోదురు, ఇంటిపేరు సుత పల్కకపోదురు. మా అమ్మ సంకల తమ్మున్ని ఎత్తుకోని తలుపెనక నిలవడి, నువ్వు చెప్పు బిడ్డా అని నన్ను ముందుకు నూకింది.

నాకేమో అంతకు ముందటి దినం జరిగింది యాదికొచ్చింది. చేపల గంపతోని అమ్మెంట మోతెబరోళ్లింటికి పోతే, ఆ ఇంట్ల నా ఈడు పిల్లే, ముక్కు మూసుకోని, “వలలోళ్లొచ్చి పోయిన్రు, గా జాగల నీళ్లు సల్లున్రి” అన్నది. ఇగ సారు కలం వెట్టంగనే మా నాయిన పేరు ముంగట గా మోతెబరోళ్ల ఇంటిపేరు చెప్పిన.

అమ్మ నా దిక్కు సూసింది. కాదని చెప్పాలంటే మా నాయిన ఇంటిపేరు ఆమె పల్కాలె. పల్కలే, తలకాయ దించుకున్నది. సారు పిలగాని సంగతి అడిగితే మాత్రం పేరు చెప్పి, ఆరు నెలలని చెప్పింది. నాయిన వచ్చినంక సుత ఆమె ఏం చెప్పలే. నన్ను నాలుగు దెబ్బలు కొట్టినా బాగుండు, ఇన్నేండ్లు గీ సిగ్గు మొయ్యకపోదును.

ఆ వానకాలమే తమ్ముడు జరమొచ్చి పోయిండు. వాడు పుట్టిండనేటందుకు గా ఒక్క కాగితమే ఉన్నది బిడ్డా, అండ్ల సుత వాణ్ణి మంది ఇంటి కొడుకును జేసిన.

ఇప్పుడు మీ అమ్మ మీ నాయిన్ని పేరువెట్టి కేకేస్తది, నవ్వుకుంటనే పల్కుతడు. మా అమ్మకు గా పాటి నోరున్నా ఒక్క మాట తోటి దిద్దుతుండె. ఇగ నువ్వు గా మోతెబరోళ్ల పేరు కింద సూడు, ఆరు నెలల పిలగాడు ఉంటడు. వాని పక్కన పెద్దగ రాయి, వలల అని, దానెంక వాని పేరు... ఆఁ, వస్తున్ననే కోడలా, అన్నం వెట్టు, ఒక్క పేరు రాయించి వస్త, మా తమ్మునిది.