ఆ దిక్కు కెపాసిటర్ ఆ దిక్కే

సోమవారం పొద్దున జూలూరుపాడు బస్సులో ఉండగా ఫోన్ మోగింది. "మీ సార్ పోయిండు బిడ్డా," అంది అమ్మ. నాకు రిపేరు పని నేర్పిన సార్ భార్యను నేను అలాగే పిలుస్తాను. బస్సు దిగి, రోడ్డు పక్కనే నిలబడి ఏడ్చాను.

ఇల్లందులో ఆయనది ఒక్క గది షాపు. అడవి అంచు దవాఖానాల ఈసీజీ మెషీన్లు ఆయన దగ్గరికే వచ్చేవి. వాటిలో రోగిని తాకే వైపు ఒకటి, గోడ కరెంటు వైపు ఒకటి. రెండింటికీ వేరువేరు సప్లైలు, నడుమ తీగ సంబంధం ఉండకూడదు. గోడ కరెంటు మనిషి దాకా పోకుండా ఆపేది ఆ ఖాళీయే.

నేను చేరిన కొత్తలో ఒక మెషీన్‌లో గుండె గీత వణుకుతోంది. కరెంటును నింపుకుని ఒడిదుడుకులు సర్దేది కెపాసిటర్ కదా, రోగి వైపు పెద్దది వేస్తే సరిపోతుందని నా తెలివి. వేశాను. మెషీన్ అసలు ఆన్ కాలేదు.

సార్ తిట్టలేదు. వెక్కిరించారు, అది ఇంకా ఘోరం. "చాయ్ గ్లాసుతోని బావి నింపుతవా బిడ్డా? గంత చిన్న సప్లై, గిది నిండేసరికే దాని పానం పోతది." దాన్ని పీకేసి, మినపగింజంత కెపాసిటర్ తీసి, కాళ్లు పొట్టిగా కత్తిరించి, యాంప్లిఫయర్ చిప్ సప్లై పిన్‌ను ఆనుకునేలా అతికించారు. "దూరముంటే ఉన్నా లేనట్టే." గోడ కరెంటు వైపు ఇంకొకటి వేశారు, ఆ దిక్కుది ఆ దిక్కే.

అయినా గీత కొంచెం వణికింది. రోగి వైపు సప్లైయే పాడైంది, కొత్తది హైదరాబాద్ నుంచి రావాలి. మెషీన్ కోసం వచ్చిన కాంపౌండర్‌కు ఓపిక లేదు.

"రెండు దిక్కుల గ్రౌండ్లు ఒక వైరుతోని కలుపున్రి సార్, గీత నిలబడతదట. డాక్టర్ నన్ను తిడుతుండు."

"అవ్, నిలబడతది. రేపు లోపల ఏదన్న కాలితే కరెంటు పండుకున్న మనిషి మీదికే పోతది. మీ అవ్వను పండబెడతవా?"

కొత్త సప్లై వచ్చేదాకా మూడు రోజులు మెషీన్ మా బల్ల మీదే ఉంది. రోగులను ఖమ్మం పంపుతున్నారని తెలిసి సార్ సరిగ్గా అన్నం తినలేదు. అయినా వైరు కలపలేదు. ఇప్పుడు నన్నెవరు తొందరపెట్టినా నేనూ కలపను. కోపాలొస్తే రానీ.

పోయిన వారం ఖమ్మం దవాఖానాలో ఆయన్ను చూశాను. ఛాతీ నిండా వైర్లు. ఎట్లున్నారని అడగనివ్వలేదు.

"తెర చూడు బిడ్డా. గీత గింత కూడ వణుకుతలేదు. ఎవలో మంచిగ చేసిండ్రు."

సూది గుచ్చిన చెయ్యి లేపి, పరుగెడుతున్న ఆ గీత వెంట వేలు కదిలిస్తూ చాలాసేపు ఉండిపోయారు.